మామిడిచెట్టు మీద మంచె

మనిషిని మునగచెట్టు ఎక్కించడం చాలా తేలిక. "మీ చేతి పులిహోర తిన్నాక ఇంకెవరిదీ నోటికెక్కదండీ" అని ఒక్కమాట అంటే చాలు, మారు మాట్లాడకుండా మరో గిన్నెడు కలిపి పెడతాం. మునగ కొమ్మ ఉత్త పెళుసు. అందుకేనేమో మన పెద్దవాళ్ళు పొగడ్తకి ఏరి కోరి ఆ చెట్టునే పెట్టారు. ఎక్కించినవాళ్ళు కిందనే ఉంటారు, ఎక్కినవాళ్ళే పడతారు! అదే పిల్లల్ని నిజంగా చెట్టెక్కించాలంటే మునగ పనికిరాదు. గట్టి చెట్టు కావాలి, కాస్త లెక్క కావాలి, ఇంట్లో పెద్దవాళ్ళందరి చేతా ఊఁ అనిపించే ఓపిక అన్నిటికంటే ఎక్కువ కావాలి. ఈ మూడోదాని సంగతి చెబుదామనే ఇవాళ కలం పట్టాను.

గుంటూరులో మా ఇల్లు పాతది. చుట్టుపక్కలవన్నీ అపార్టుమెంట్లయిపోయినా మా పెరడు మాత్రం ఎలాగో మిగిలింది. అందులో బావి ఒకటి, బావి పక్కన టెంక మామిడిచెట్టు ఒకటి. అంటుమామిడి కాదు గనక బాగా ఎత్తు పెరిగింది. కాయ పులుపు, ఆవకాయకి తప్ప ఎందుకూ పనికిరాదు. నీడ మాత్రం ఎంత చల్లనో!

ఈ ఏడు ఒంటిపూట బడులు మొదలైన వారంలో మా మనవరాలు ఫోను పట్టుకుని నా దగ్గరకొచ్చింది. అది మా అబ్బాయి కూతురు, పన్నెండేళ్ళది. "నాయనమ్మా, చూడు, చెట్టు మీద ఇల్లు" అంది. ఏ దేశంవాళ్ళో గాని, చెట్టు మీద కిటికీలతో సహా ఇల్లు కట్టేశారు. పిల్లలు అందులోంచి తొంగి చూసి నవ్వుతున్నారు. "మనమూ కట్టుకుందామా? వేసవి సెలవులకి హైదరాబాదు నుంచి బావ కూడా వస్తాడుగా" అంది. అప్పటికే గళ్ళ కాగితం మీద బొమ్మ గీసి, కొలతలు వేసి తెచ్చింది. తలుపు ఎటు, కిటికీ ఎటు, అటక ఎక్కడ అన్నీ ఉన్నాయి. వంటిల్లు ఒక్కటే లేదు. తెలివైన పిల్ల సుమండీ!

మావారు కళ్ళజోడు సవరించుకుని చూసి, "ఓస్, ఇదేనా? మన మంచె" అనేశారు.

నిజమే మరి. ఆ మాట వినగానే నా మనసు మా పల్నాటి జొన్నచేలల్లోకి పోయింది. మీలో పల్లెటూళ్ళలో పెరిగినవాళ్ళకి మంచె గురించి వేరే చెప్పక్కర్లేదు. చేలో నాలుగు గుంజలు పాతి, పైన అడ్డకర్రలు పరిచి, వాటి మీద జొన్నచొప్ప వేస్తే అయిపోయింది. ఎండకి పైన ఓ గొడుగులాంటి కప్పు. కంకి పాలుపోసుకునే రోజుల్లో పొద్దున్నా సాయంత్రమూ పిట్టలు గుంపులు గుంపులుగా వచ్చి వాలేవి. వాటిని తోలడానికి ఇంటికొక పిల్లో పిల్లాడో మంచెక్కాల్సిందే. చేతిలో వడిసెల, పక్కన మట్టి ఉండలు, కొట్టడానికి ఓ పాత రేకు డబ్బా. మా ఇంట్లో మగపిల్లలు బడికి పోయేవాళ్ళు గనక ఆ ఉద్యోగం నాదే. ఆ మంచె మీద నేను కేకేస్తే చేనంతా కదిలేది. ఇంట్లో "మెల్లగా మాట్లాడవే" అనిపించుకునే పిల్ల, అక్కడ ఎంత గట్టిగా అరిస్తే అంత మెచ్చుకోలు! చుట్టూ ఎవరి చేలో ఎవరున్నారో, ఎవరి బండి ఏ దారిన పోతోందో అన్నీ నాకే ముందు తెలిసేవి. ఆడపిల్లకి అంత ఎత్తున కూర్చునే యోగం ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పండి?

ఓణీ వేసిన ఏడాది మా మామ్మ "ఇంక చాల్లే, దిగు" అంది. దిగాను. మంచె మీదికి మళ్ళీ ఎక్కింది లేదు. ఆ ఏడు మా తమ్ముణ్ణి బడి మానిపించి మంచెక్కించారు. వాడికి వడిసెల తిప్పడం రాదు. పంట సగం చిలకలే తినిపోయాయి. అయినా ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు.

సరే, అసలు విషయానికొస్తాను. మావారు ఊఁ అన్నారు, మా అబ్బాయి డబ్బిస్తానన్నాడు. వీధి చివర ఆచారిగారిని పిలిపించాం. తలుపులు, మంచాలు చేయడంలో ఆయనకి సాటి లేరు గాని చెట్టు మీద పని ఎప్పుడూ చేయలేదట. చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగి, "రసమట్టం ఎక్కడ పెట్టమంటారమ్మా, ఇందులో తిన్నటి గీత ఒక్కటన్నా ఉందా?" అన్నారు దిగులుగా.

మీలో ఎవరికైనా పెరడూ, అందులో ఓ చెట్టూ ఉండే అదృష్టముంటే పనికొస్తుందని మేం తెలుసుకున్న నాలుగు ముక్కలూ చెబుతాను. మునగ సంగతి చెప్పనే చెప్పాను. నేరేడు కొమ్మనీ నమ్మడానికి లేదు, పచ్చగా ఉంటూనే పుటుక్కుమంటుంది. వేప, చింత, మామిడి గట్టివి. చింతచెట్టు మీద దయ్యాలుంటాయని పనిమనిషి ముందే హెచ్చరించింది గనక, చెట్టు మనకి ఒక్కటే ఉంది గనక, మామిడే ఖాయమైంది. అది ఏడడుగుల ఎత్తున రెండు పెద్ద కొమ్మలుగా చీలింది. ఆ పంగలో మంచె ఒక అంచు ఆనుతుంది. రెండో అంచుకి నేలలో రెండు సరుగుడు బాదులు. మొదళ్ళకి చెద పట్టకుండా తారు పూసి పాతారు. బరువంతా చెట్టు మీదే వేయకుండా సగం మనం మోయడం మర్యాద కదా!

మేకుల దగ్గర వచ్చింది తగువు. ఆచారిగారు గుప్పెడు మేకులు తీశారు. మా అబ్బాయి వద్దన్నాడు. చెట్టుకి గాయమైతే అది మన ఒంటి మీది గాయంలా మానదట. దెబ్బ తిన్న చోటును లోపల్లోపలే వేరుచేసి, చుట్టూ గోడ కట్టుకుని, దాని పైనుంచి కొత్త కలప పెంచుకుంటుందట. చిన్న చిన్న మేకులు దగ్గర దగ్గరగా బోలెడు కొడితే ఆ గోడలన్నీ కలిసిపోయి మధ్యభాగం కుళ్ళిపోతుంది. దానికంటే లావుపాటి బోల్టు ఒక్కటి దించితే చెట్టుకి తక్కువ బాధ. తాళ్ళతో చుట్టూ బిగించి కట్టడం ఇంకా ప్రమాదం. ఆకులు వండిన తిండి కిందికి దిగే దారి బెరడు కిందనే ఉంటుంది. కొమ్మ లావెక్కేకొద్దీ ఆ తాడు ఉరిలా బిగుసుకుంటుంది. ఇదంతా విన్నాక నాకు, పైకి ఒక్క ముక్క అనకుండా లోపల గోడలు కట్టుకుని కొత్త కలప పెంచుకునే మనుషులు ఎందరో గుర్తొచ్చారు. మన ఇళ్ళల్లో వాళ్ళకేం తక్కువ?

మావారికి ఇంకో అనుమానం వచ్చింది. "చెట్టు పెరుగుతుంది కదా, ఏడాదికేడాది మంచె కూడా పైకి పోదూ? నిచ్చెన పొడిగిస్తూ పోవాలా?" అన్నారు. పోదండి. చెట్టు ఎత్తు పెరిగేది కొసల్లోనే. మొదలు లావెక్కుతుందంతే. ఇవాళ 5 అడుగుల ఎత్తున కొట్టిన మేకు మరో 20 ఏళ్ళకైనా ఆ 5 అడుగుల దగ్గరే ఉంటుంది. అందుకే చెట్టుకీ చెక్కకీ మధ్య రెండంగుళాల సందు వదిలారు, లావయ్యేందుకు. గాలికి రెండు కొమ్మలూ ఒకేలా ఊగవు గనక ఒక దూలానికి రంధ్రం గుండ్రంగా కాకుండా కోలగా తొలిచారు. కొమ్మ ఊగినా చెక్క విరగదు.

అటక మీదున్న పాత టేకు తలుపు రెక్కలు రెండూ దింపి చిత్రిక పట్టిస్తే నేల తయారైంది. పొడవు 6 అడుగులు, వెడల్పు 5. చుట్టూ 3 అడుగుల పిట్టగోడలా కమ్మీలు, చంటిపిల్ల తలైనా దూరకుండా నాలుగంగుళాల లోపు సందుతో. కింద అడుగు మందాన ఇసుక. బావి గిలక ఎలాగూ ఖాళీగానే ఉంది గనక దాన్ని పై కొమ్మకి వేలాడదీసి, చాంతాడుకి ఓ బుట్ట కట్టాం. ఫలహారాలు పైకి పోవాలి కదా!

పని మొదలైన మూడో రోజు మా మనవరాలు పెద్దమనిషైంది.

ఇల్లంతా హడావిడి. చాప వేశారు, చిమ్మిలి దంచారు. మా పెద్ద వదినగారు, అంటే మావారి అక్కగారు, తెనాలి నుంచి బస్సు దిగుతూనే పెత్తనం అందుకున్నారు. ఆవిడ మంచి మనిషే. మా ఇంట్లో ఏ పురుడొచ్చినా, ఏ పెళ్ళొచ్చినా ముందు నడుం బిగించేది ఆవిడే. కాని ఆవిడ చూపులో ఒక గీత గీసేసి ఉంటుంది. ఆ గీతకి ఇటు ఉన్నంతవరకూ ముద్దు, అటు అడుగేస్తే "హవ్వ!".

ఆ పిల్ల వెనకగదిలో చాప మీద కూర్చుని కిటికీలోంచి చెట్టుకేసి చూస్తూ ఉండేది. సెలవులకొచ్చిన కుర్రాడు, నా కూతురి కొడుకు, ఆచారిగారికి చెక్కలందిస్తూ ఊరికే కిటికీ దగ్గరకొచ్చి "ఈ కమ్మీ ఎటు గీశావ్? ఇటా అటా?" అని అడిగిపోయేవాడు. బొమ్మ గీసింది అది, కొలతలు వేసింది అది. ఎక్కేది మాత్రం వాడూ, వీధిలో మగపిల్లలూ. ఏడవలేదు గాని, పెట్టిన చిమ్మిలి పెట్టినట్టే ఉంచేసేది.

స్నానాలయ్యాయి, పేరంటమైంది. ఆ సాయంత్రం నలుగురం పెరట్లో కూర్చున్నాం. మంచె తయారై నిచ్చెన కూడా వేసేశారు. పిల్ల మెల్లగా వచ్చి నిచ్చెన మీద చెయ్యేసింది.

"హవ్వ! ఇంకా చెట్లెక్కడాలేమిటే? పెద్దమనిషివయ్యావు" అన్నారు వదినగారు. "పైగా పచ్చని చెట్టు. ఆ రోజుల్లో ముట్టుకుంటే వాడిపోదూ?"

నా కోడలు నాకేసి చూసింది. అటు మేనత్తగారి మాట కాదనలేదు, ఇటు కూతురి మొహం చూడలేదు. "ఏవంటారత్తయ్యా?" అంది సన్నగా.

నేను ఆచారిగారి వైపు తిరిగాను. లెక్క చూసుకుని డబ్బు తీసుకుపోవడానికి ఆయన అక్కడే నిలబడి ఉన్నారు.

"ఆచారిగారూ, ఈ మంచె ఎంత బరువు ఆగుతుంది?"

"దానికేం ఢోకా లేదమ్మా. నలుగురు పెద్దమనుషులెక్కినా ఆగుద్ది" అన్నారాయన ధీమాగా.

"విన్నారా వదినగారూ? నలుగురు పెద్దమనుషులు ఎక్కొచ్చట. ప్రస్తుతానికి మన ఇంట్లో అయింది ఒక్కతే. ఎక్కనివ్వండి" అన్నాను.

మావారు పకపకా నవ్వేశారు. ఆచారిగారికి విషయం అర్థమై తలొంచుకుని మేకులు ఏరుకోవడం మొదలుపెట్టారు. వదినగారికి మాత్రం నవ్వు రాలేదు.

"నువ్వు వేళాకోళం చేస్తున్నావు గాని, పడితే? రేపు నలుగురూ ఏమంటారు?"

"పడితే కింద ఇసుకుంది. పడకుండా కమ్మీలున్నాయి. పడేదైతే మొన్నటిదాకా పడలేదేం? పది రోజుల్లో దాని కాళ్ళూ చేతులూ ఏం మారాయి వదినగారూ? ఇక చెట్టు వాడిపోతుందంటారా, ఈ చెట్టు కింద నేను నలభై ఏళ్ళుగా అన్ని రోజుల్లోనూ తిరుగుతూనే ఉన్నాను. ఏటా దాని కాయలతోనేగా మీకు ఆవకాయ పంపిస్తున్నది!"

ఆవకాయ మాటకి ఆవిడ కాస్త మెత్తబడ్డట్టు కనిపించారు. ఆ పట్టు విడవకుండా ఓ రాణిగారి కథ కూడా చెప్పాను. 1952 ఫిబ్రవరిలో ఇంగ్లండు రాకుమారి ఎలిజబెత్తు భర్తతో కలిసి కెన్యా వెళ్ళింది. అప్పటికి ఆమెకి పాతికేళ్ళు. అక్కడ ట్రీటాప్స్ అని ఓ పెద్ద చెట్టు మీద కట్టిన బస ఉంది. రాత్రంతా అక్కడ కూర్చుని, నీళ్ళకొచ్చే ఏనుగుల్నీ ఖడ్గమృగాల్నీ చూసింది. మన కుమావూ కొండల్లో పెద్దపులుల్ని వేటాడిన జిమ్ కార్బెట్ దొర కూడా ఆ రాత్రి అక్కడే ఉన్నాడు. ఆ రాత్రే ఇంగ్లండులో ఆమె తండ్రి ఆరో జార్జి నిద్రలోనే పోయాడు. కబురు ఆమెకి చెట్టు దిగాకనే తెలిసింది. చెట్టెక్కేటప్పుడు రాకుమారి, దిగేటప్పటికి రాణి! ఆ తర్వాత 2022లో కన్నుమూసేదాకా డెబ్భై ఏళ్ళు ఏలింది.

"అయితే మన పిల్లకి కూడా రాజ్యాలేవన్నా రాసిపెట్టున్నాయా ఏమిటి?" అన్నారు వదినగారు మూతి ముడుస్తూ.

"ఉంది వదినగారూ. ఆరడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు."

ఈసారి ఆవిడకి కూడా నవ్వొచ్చింది. నవ్వు ఆగేలోగా పిల్ల నాలుగు మెట్లెక్కేసింది. "జాగ్రత్తే, లంగా కాళ్ళకడ్డం పడుతుంది" అని అరిచారు వదినగారు. ఎక్కొద్దని మాత్రం అనలేదు. ఆ మాత్రం చాలు. నా కోడలు లోపలికెళ్ళి పైజమా తెచ్చింది.

నేనేదో పెద్ద సంస్కరణ చేశానని చెప్పుకోవడం కాదు. కాని ఒక్క సంగతి మీరే ఆలోచించండి. మగపిల్లాడికి పన్నెండేళ్ళొస్తే సైకిలు కొనిస్తాం, ఇంకా దూరం పొమ్మంటాం. ఆడపిల్లకి అదే పన్నెండేళ్ళకి "దిగు" అంటాం. చెట్టు దిగు, గోడ దిగు, గొంతు దించు. ఒంట్లో వచ్చిన మార్పుని ఒక్కరోజు పండుగ చేసి, మర్నాటి నుంచి దాన్నే కంచెగా నాటుతాం. ఇప్పుడు మంచెలూ పోయాయి, చెట్లూ పోయాయి. కాని "దిగు" అనే మాట మాత్రం అపార్టుమెంటు నాలుగో అంతస్తులో కూడా వినిపిస్తూనే ఉంది.

పిల్లలకి ఎత్తులెక్కాలనే కోరిక అల్లరితనం కాదట. నార్వేలో ఎలెన్ శాండ్‌సెటర్ అనే పండితురాలు 2007లో పిల్లల సాహసపు ఆటల్ని ఆరు రకాలుగా విడదీసిందని మా అబ్బాయి చదివి చెప్పాడు. అందులో మొదటిది ఎత్తులెక్కడం. చివరిది పెద్దవాళ్ళ కళ్ళపడకుండా తప్పిపోవడం. నాకు నార్వే తెలియదు గాని, కోతికొమ్మచ్చి తెలుసు. ముళ్ళపూడి వెంకటరమణగారు తన ఆత్మకథకే ఆ పేరు పెట్టుకున్నారు. కర్ర విసరడం, దొంగ దాన్ని తెచ్చేలోగా అందరూ కొమ్మలెక్కెయ్యడం, కిందివాడికి అందకుండా కొమ్మ నుంచి కొమ్మకి మారడం. ఎత్తూ ఉంది, తప్పించుకోవడమూ ఉంది. ఆ ఆటకి పేరు పెట్టినవాళ్ళకి నార్వే ఆవిడ చెప్పింది ముందే తెలుసు కాబోలు!

ఇప్పుడు మంచె మీద కొత్త పాలన నడుస్తోంది. మెట్ల దగ్గర "పెద్దలు అనుమతి లేకుండా రారాదు" అని బోర్డు పెట్టారు. కింద నిలబడి గంట కొట్టాలి. సంగతేమిటని పైనుంచి అడుగుతారు. "జంతికలు" అంటే బుట్ట దిగుతుంది. "హోంవర్కు" అంటే ఆ బుట్ట ఎంతకీ దిగదు. పైన ఏం చేస్తారో నాకు తెలియదు. ఒకనాడు పాటలు, ఒకనాడు పోట్లాట, ఒకనాడు ఉలుకూ పలుకూ లేదు. ఆ పలుకు లేని రోజే అది కథలపుస్తకం చదువుకుంటోందని నా అనుమానం. ఫోను మాత్రం ఇంట్లో బల్ల మీదే ఉంటోంది. పైన సిగ్నలు రాదని కాదు, వాళ్ళకి జ్ఞాపకం రాక.

బాధలు లేవని కాదు. మామిడి సొన తగిలి మనవడి చెంప వారం రోజులు మండింది. ఆకులు కుట్టి గూళ్ళు కట్టుకునే ఎర్రచీమలు మాకంటే ముందే ఆ చెట్టు మీద గృహప్రవేశం చేసుకుని ఉన్నాయి. తమ పిల్లపురుగుల నోటి దారంతోనే ఆకుకి ఆకు కుట్టుకుంటాయట. పిల్లల్ని పనిలో పెట్టే విషయంలో అవి మనకంటే ఘటికులు! చివరికి రాజీ కుదిరింది. పడమటి కొమ్మ వాటిది, తూర్పు కొమ్మ వీళ్ళది. వానాకాలం ముందు బోల్టులు బిగుతుగా ఉన్నాయో లేదో చూసుకోవాలి, నానిన చెక్క మార్చుకోవాలి. ఇల్లన్నాక మరమ్మతులు తప్పవు కదండీ.

మొన్న వదినగారు మళ్ళీ వచ్చారు. కాళ్ళు కడుక్కుంటూనే "పిల్లేదీ?" అన్నారు.

"ఇంట్లోనే ఉంది."

ఆవిడ నాలుగు గదులూ చూసి వచ్చి, "ఏ ఇంట్లో?" అన్నారు.

"వాళ్ళింట్లో" అన్నాను పెరటికేసి చూపిస్తూ.

ఆవిడ ఏమీ అనలేదు. సంచిలోంచి పూతరేకుల పొట్లం తీసి, పైట చెంగు దోపుకుని, మామిడిచెట్టు కిందికి నడిచి గంట కొట్టారు.